ఐదు శాతం గండం

2025 ఫిబ్రవరి 23న జరిగిన జర్మనీ ఎన్నికల్లో సారా వాగెన్‌క్నెక్ట్ పెట్టిన కొత్త పార్టీ బీఎస్‌డబ్ల్యూకి దాదాపు 24.7 లక్షల ఓట్లు పడ్డాయి. అంటే 4.98 శాతం. పార్లమెంటులో అడుగుపెట్టాలంటే 5 శాతం రావాలి. పదివేల లోపు ఓట్ల తేడాతో ఆ పార్టీకి ఒక్క సీటూ దక్కలేదు. అదే ఎన్నికలో డేనిష్ మైనారిటీల పార్టీ ఎస్‌ఎస్‌డబ్ల్యూ 76 వేల ఓట్లతో ఒక సీటు తెచ్చుకుంది. అల్పసంఖ్యాక జాతుల పార్టీలకు ఈ నిబంధన వర్తించదు. ఆ మినహాయింపు ఉండాల్సిందే. నా బాధ ఆ 24.7 లక్షల మంది గురించి.

అక్కడి బ్యాలెట్‌లో ఎడమ పక్క నల్ల అక్షరాల్లో నియోజకవర్గ అభ్యర్థులు, కుడి పక్క నీలి అక్షరాల్లో పార్టీలు ఉంటాయి. ఓటరు రెండు పక్కలా ఒక్కో గుర్తు పెడతాడు. ఏ పార్టీకి ఎన్ని సీట్లో తేల్చేది నీలి వరుస. మూడు నియోజకవర్గాల్లో నేరుగా గెలిస్తే తప్ప, 5 శాతం అందని పార్టీల ఓట్లు పక్కనపెట్టి మిగతావాళ్లకే సీట్లు పంచుతారు. 2025లో అలా మురిగిపోయినవి 14 శాతం దాకా ఉన్నాయి. సీడీయూ కూటమి, ఎస్‌పీడీ కలిసి 630లో 328 సీట్లతో ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. బీఎస్‌డబ్ల్యూ గట్టెక్కి ఉంటే ఆ రెంటికీ మెజారిటీ వచ్చేది కాదు.

చిన్న పార్టీని ముందుగా దెబ్బతీసేది ‘నా ఓటు వృథా అవుతుందేమో’ అన్న భయం. ఉదారవాద పార్టీ ఎఫ్‌డీపీ బతుకంతా ఈ భయంతోనే సాగింది. మిత్రపక్షమైన సీడీయూ అభిమానులు దాన్ని ఒడ్డెక్కించడానికి ఓట్లు ‘అప్పు’ ఇచ్చేవారు. 2013 జనవరిలో లోయర్ సాక్సనీ రాష్ట్ర ఎన్నికల్లో ఆ అప్పుతో ఎఫ్‌డీపీ 9.9 శాతానికి చేరింది, కూటమి మాత్రం ఒక్క సీటు తేడాతో అధికారం పోగొట్టుకుంది. ఆ దెబ్బతో సెప్టెంబరు జాతీయ ఎన్నికల్లో సీడీయూ అప్పు నిరాకరించింది. ఎఫ్‌డీపీ 4.8 దగ్గర ఆగి, 1949 తర్వాత తొలిసారి సభ బయట నిలబడింది. 2017లో తిరిగొచ్చింది, 2025లో 4.3 శాతంతో మళ్లీ పోయింది.

ఈ గీత గీసినవాళ్లు హిట్లర్‌కు ముందున్న వైమార్ రిపబ్లిక్ కాలపు చీలికల సభను చూసి భయపడ్డారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 1928లో 2.6 శాతం ఉన్న నాజీలు 1930కే 18 శాతం దాటారు. ఆ ఉప్పెనను 5 శాతం గోడ ఆపగలిగేదని నేను నమ్మను.

గోడ ఇంకా ఎత్తయితే ఏమవుతుందో 2002లో టర్కీ చూపింది. అప్పట్లో అక్కడ హద్దు 10 శాతం ఉండేది. 34 శాతం ఓట్లతో ఏకేపీ అనే పార్టీకి 550లో 363 సీట్లు వచ్చాయి, దాదాపు 45 శాతం ఓట్లకు సభలో ప్రతినిధే లేడు. కుర్దుల పార్టీ ఆ గోడ దాటడానికి 2015 దాకా ఆగాల్సొచ్చింది.

జర్మనీలోనే కొందరు ఒక దారి చెబుతున్నారు. ఓటరు రెండో ఇష్టాన్ని కూడా రాయాలి, మొదటి పార్టీ గీత దాటకపోతే ఓటు రెండోదానికి వెళ్తుంది. నాకిది గీతను 3 శాతానికి దించడం కంటే మెరుగ్గా తోస్తుంది. బీఎస్‌డబ్ల్యూ ఓడినా, దానికి ఓటేసిన ప్రతి మనిషికీ సభలో ఎవరో ఒకరిని ఎన్నుకునే అవకాశం మిగిలేది.