శ్రీనివాస్ పేరు ఎక్కడ తెగింది?

మొన్న మన క్లబ్బు పోటీ సర్టిఫికెట్ల కోసం సీలో చిన్న ప్రోగ్రాం రాశాను. పేరుకి చార్ అర్రే, సైజు 20. చివరి సున్నాకి ఒకటి పోగా 19 దాటితే కత్తిరించెయ్ అని కూడా నేనే రాశాను. అంత పొడుగు పేరు ఎవడికుంటుంది లే అనుకున్నా. తీరా ప్రింటు తీస్తే శ్రీనివాస్ కాస్తా 'శ్రీని' అయ్యాడు, పక్కన నల్ల డైమండులో ప్రశ్న గుర్తు! వాడికి ఫస్ట్ ప్రైజు. స్టేజీ మీద నవ్వేశాడు గానీ, ఆ ఫొటో ఇంటికి పంపలేదు.

తప్పు ఎక్కడంటే, సీలో చార్ అంటే అక్షరం కాదు, ఒక బైటు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో సరిపోతుంది కాబట్టి మనకి తేడా తెలియదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. గుర్తు అంటున్నా, అక్షరం అనట్లేదు, చూడండి: మనం ఒకటిగా పలికే 'శ్రీ' యూనికోడ్‌లో నాలుగు ముక్కలు. శ, పొల్లు, ర, ఈకారం గుడి. అంటే 12 బైట్లు! శ్రీనివాస్ మొత్తం 10 ముక్కలు, 30 బైట్లు. 'శ్రీని' దగ్గరికి 18 అయిపోయాయి. పంతొమ్మిదోది 'వ' తాలూకు మొదటి బైటు. మిగతా రెండూ లేక అది దిక్కులేనిదైంది. అదే ఆ డైమండు.

అసలు మెమరీకి టైపులంటే ఏమిటో తెలియదు. అక్కడున్నవి బిట్లే. 'త' అంటే 224, 176, 164 అనే మూడు బైట్లు. మొదటి బైటుని చార్‌గా తీసుకుని నంబరులా ప్రింటు చేస్తే నా లాప్‌టాప్‌లో -32 వచ్చింది. బిట్లు అవే, చదివే తీరు వేరు. ఫోన్ నంబరుని ఇంట్‌లో పెట్టి ఏడ్చినవాళ్ళకి ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. 4 బైట్ల ఇంట్ 2147483647 దగ్గర ఆగిపోతుంది, మన మొబైల్ నంబర్లేమో 600 కోట్ల పైనే మొదలవుతాయి.

పైథాన్ వాళ్ళు నవ్వుకోకండి. అక్కడ 'తెలుగు' పొడవు అడిగితే 6 అంటుంది, మనకి కనిపించేవి మూడే. సీలో స్ట్ర్‌లెన్ 18 అంటుంది. నా దృష్టిలో మూడు జవాబులూ కరెక్టే, అడిగే ప్రశ్నే వేరు. ఇంకో తమాషా, పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుని బట్టి సైజు మారుస్తుంది. తెలుగు ముక్కకి 2 బైట్లు. అందులో ఒక్క నవ్వు ఎమోజీ చేర్చారో, మొత్తం స్ట్రింగు ముక్కకి 4 బైట్ల లెక్కకి మారిపోతుంది.

కత్తిరించక తప్పకపోతే 128 నుంచి 191 మధ్య బైటు దగ్గర కొయ్యకూడదు, అవి నడిమి ముక్కలు. డైమండు రాదు, కానీ పేరు 'శ్రీని'గానే మిగులుతుంది కదా! అందుకే నేను సైజు 256 చేసి మళ్ళీ ప్రింటు తీసి, రాత్రి హాస్టల్‌కి వెళ్ళి వాడి చేతికిచ్చాను.