గోడ మీది పెట్టె



ఇది మా మండల మహిళా సమాఖ్య ఆఫీసు సంగతి. అక్కడ నాలుగు కంప్యూటర్లున్నాయి. సంఘాల లెక్కలు, అప్పుల కిస్తీలు వాటిలో ఎక్కిస్తారు.

ఒకరోజు దూరపు ఊళ్ల నుంచి అక్కలు వచ్చారు. కూలి మానుకుని వచ్చారు. "నెట్టు లేదు, రేపు రండి" అన్నారు. మరునాడూ అదే మాట. రెండు రోజుల కూలి పోయింది.

తప్పు ఎక్కడుంది? బయటి లైను బాగానే ఉంది. ఆఫీసు లోపలి కేబులు పనే బాగాలేదు. కేబులును కరెంటు తీగల గొట్టంలోనే దూర్చారు. మేకులు కొట్టి వంచారు. ఏ కేబులు ఎక్కడికి పోతుందో గుర్తు లేదు. పని చేసినవాళ్లకు డబ్బు ముందే ముట్టింది.

ఆ పని మళ్లీ చేయించారు. ఈసారి అక్కలు దగ్గరుండి చూశారు. నేనూ ఉన్నాను.

కేబులు లోపల ఏముంది?

పనివాడు కేబులు కోసి చూపించాడు. లోపల 8 సన్నని రాగి తీగలున్నాయి. రెండేసి కలిపి పురి తిప్పారు. అంటే 4 జతలు.

"పురి ఎందుకు బాబూ?" అని ఒక అక్క అడిగింది.

"పక్కన కరెంటు తీగలుంటే వాటి అలజడి దీని మీద పడుతుందమ్మా. పురి ఉంటే జతలో రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి పెట్టె ఆ రెంటి తేడానే చూస్తుంది. కాబట్టి అలజడి లెక్కలోకి రాదు" అన్నాడు.

అందుకే ప్లగ్గు పెట్టే చోట కూడా పురి అర అంగుళం కన్నా ఎక్కువ విప్పకూడదు.

గోడకు పెట్టె

కేబుళ్లన్నీ ఒకచోట చేరాలి. ఆ ఇనుప పెట్టెను ర్యాకు అంటారు. అందులో స్విచ్చి ఉంటుంది. ఇది లైటు వేసే స్విచ్చి కాదు. వరసగా రంధ్రాలున్న చిన్న పెట్టె. నాలుగు దారులు కలిసే కూడలి లాంటిది. ఏ కంప్యూటరు మాట ఆ కంప్యూటరుకు పంపుతుంది.

ర్యాకులో బిగించే సామాను వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును 'యూ' లెక్కన చెబుతారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు. మా ర్యాకు 6 యూలది.

వాన కారే గోడకు ర్యాకు పెట్టకూడదు. ఎండ తగిలే చోటా వద్దు. గాలి ఆడాలి. మేకులు చాలవు, గట్టి గోడకు బోల్టులు బిగించాలి. ఇనుప పెట్టెకు ఎర్తు తీగ తప్పకుండా ఉండాలి.

కేబులు వేసే పద్ధతి

కేబులుకు వేరే పట్టీ వేయాలి. కరెంటు తీగలకు కనీసం జానెడు ఎడం ఉండాలి. దాటవలసి వస్తే అడ్డంగా దాటాలి. కేబులును కాగితంలా మడవకూడదు, గుండ్రంగా తిప్పాలి. బలంగా లాగకూడదు. బిగించి కట్టకూడదు. మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు.

మన చేతి రాత

ప్రతి కేబులుకు రెండు కొసలా ఒకే అంకె ఉండాలి. ఆ చీటీలు ఎవరు రాశారు? మా అక్కలే! 1, 2, 3, 4 అని రాసి అంటించారు.

నెల తర్వాత ఒక కంప్యూటరు ఆగింది. ఒక అక్క వెళ్లి చూసింది. దాని కేబులు మీద 3 అని ఉంది. ర్యాకులోనూ 3 చూసింది. ప్లగ్గు వదులైంది. టక్కుమనేదాకా నొక్కింది. పని సాగింది. ఆ రోజు ఎవరి కూలీ పోలేదు.

జాగ్రత్త!

ర్యాకులోకి కరెంటు కూడా వస్తుంది. తడి చేతులతో ముట్టుకోవద్దు. బయటి లైను గాజు తీగలో వస్తుంది. పంచాయతీలకు ఇలాంటి తీగ వేసే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఒప్పుకుంది. దాన్ని ఇప్పుడు భారత్‌నెట్ అంటారు. గాజు తీగ కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు. అందులోని వెలుతురు కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేయవచ్చు.

డబ్బు ఇచ్చే ముందు

1. ప్రతి కేబులునూ టెస్టరు పెట్టి చూపించమనండి. 8 తీగలూ సరిగా కలవాలి.
2. రెండు కొసలా అంకెలున్నాయా చూడండి.
3. ర్యాకు కదులుతుందా? ఎర్తు ఉందా?
4. ఏ అంకె ఏ బల్లకు పోతుందో కాగితం మీద రాయించి ర్యాకు తలుపుకు అంటించండి.

పట్టీ మూసేశాక లోపలి పని కనబడదు. అందుకే ముందే చూడాలి, అడగాలి. అడగడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు.

చెప్పండి: మీ ఊరి ఆఫీసులో గోడ మీది పెట్టెను చూశారా? కేబుళ్లకు అంకెలున్నాయా?