గుట్టు విప్పితేనే హక్కా?

న్యూఢిల్లీ: 2016 శీతాకాల సమావేశాలు పెద్దనోట్ల రద్దుపై రభసలో కొట్టుకుపోయాయి. ఆ గొడవ నడుమ పార్టీలకతీతంగా ఉభయ సభలూ ఆమోదించిన బిల్లు ఒకటున్నది: వికలాంగుల హక్కుల బిల్లు. 1995 నాటి చట్టం 7 వైకల్యాలనే గుర్తించగా, ఇది 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం వాటిలో ఒకటి.

ఆటిజం అనగానే మనకు పసిపిల్లలే తలపునకు వస్తారు. చిన్ననాడు ఆ పేరే వినని తరం నేడు నలభై, యాభై ఏళ్ల వయసులో ఉన్నదని మరుస్తాము. నాకు పరిచయమున్న ఒక అధికారి అట్టివారిలో ఒకరు కావచ్చునని ఆయనకే అనుమానం. ఫైలు రాయడంలో ఆయనకు సాటి లేరు. నలుగురూ ఒక్కసారి మాట్లాడే సమావేశంలో మాత్రం నోరు పెగలదు. వైద్యుని వద్దకు వెళ్లాలా వద్దా అని రెండేళ్లుగా తర్జనభర్జన పడుతున్నారు. ఆయన భయం వైద్యుని గురించి కాదు, కాగితం గురించి.

ఆ భయం నిరాధారమని అనలేము. నిర్ధారణకు బాల్యపు వివరాలు కావాలి. అంటే సాధారణంగా ఇంటివారికి చెప్పవలసి వస్తుంది. ధ్రువపత్రం కోరితే ప్రభుత్వ రికార్డులోనికి పేరెక్కుతుంది. ఉద్యోగంలో సదుపాయం కోరితే కార్యాలయానికి తెలుస్తుంది. చెప్పుకున్నవారికి అపవాదు భయం. దాచుకున్నవారికి చట్టరక్షణ అందదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చాటింది. రోగి రహస్యాన్ని వైద్యుడు బయటపెట్టరాదని 2002 నాటి వైద్య నియమావళి శాసిస్తున్నది. కాని పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరోగ్య వివరాలకు ప్రత్యేక తరగతిని కల్పించలేదు. పైగా ఉద్యోగ ప్రయోజనాల నిమిత్తం సమ్మతి లేకుండానే సమాచారం వినియోగించుకునే వెసులుబాటును యజమానికి ఇచ్చింది.

పాఠకులు గమనించవలసిన భేదం ఒకటున్నది. నిర్ధారణ వేరు, ధ్రువపత్రం వేరు. మొదటిది తన్ను తాను తెలుసుకొనడానికి. రెండవది ప్రభుత్వం నుండి హక్కుగా పొందడానికి. ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకొనడం వ్యక్తి ఇష్టానికే చట్టం వదిలింది. కనుక మొదటి మెట్టు ఎక్కినవారు రెండవది ఎక్కితీరవలెనని లేదు.

ఐనను వ్యక్తి జాగ్రత్త ఒక్కటే చాలదు. నిశ్శబ్దమైన గదియో, రాతపూర్వకమైన ఆదేశాలో కావాలన్న ఉద్యోగి తన వైకల్యం పేరు పై అధికారికి చెప్పనక్కరలేని ఏర్పాటు ఉండాలి. అవసరమేమిటో తెలిస్తే కార్యాలయానికి చాలును. చట్టసభ కల్పించిన హక్కుకు గుట్టును మూల్యంగా చెల్లించవలసి వస్తే, అది హక్కు అనిపించుకోదు.