రాయలేని సంఖ్యను భాగించేదెలా?

అమరావతిలో అమరేశ్వరుడి గుడి దగ్గర, కృష్ణ ఒడ్డున కూర్చుని మా మేనల్లుడికి ఓ కథ చెప్పాను. గండవ్యూహ సూత్రంలో సుధనుడనే కుర్రవాడు గురువుల కోసం ఊరూరా తిరుగుతాడు. అతని ప్రయాణం మొదలయ్యేది ధాన్యాకరంలో. అది మన ధాన్యకటకమేనని, అంటే ఈ అమరావతి, ధరణికోటలేనని చాలామంది చరిత్రకారుల మాట. దారిలో ఇంద్రియేశ్వరుడనే పిల్లవాడు కనిపిస్తాడు. పదివేలమంది పిల్లల మధ్య ఇసుకలో ఆడుకుంటూనే సుధనుడికి లెక్కలు చెబుతాడు.

ఏం లెక్కలు? నూరు లక్షలు కోటి. కోటి కోట్లు అయుతం. మన అయుత చండీయాగంలో అయుతమంటే పదివేలే, ఇక్కడ మాత్రం ఒకటి పక్కన 14 సున్నాలు! అయుతం అయుతాలు నియుతం, 28 సున్నాలు. నియుతం నియుతాలు బింబరం, 56. వచ్చినదాన్ని దానితోనే గుణించుకుంటూ పోవడమే. ఈ కథ ఉన్న అవతంసక సూత్రాన్ని శిక్షానందుడు 699లో చైనా భాషలోకి తేవడం పూర్తిచేశాడు. అందులో కోటి దగ్గర మొదలైన గుణకారం 122 సార్లు సాగి 'అనభిలాప్యానభిలాప్య పరివర్తం' దగ్గర ఆగుతుంది. చెప్పనలవి కానిదని పేరే చెబుతోంది. దాని సున్నాలెన్నో రాయడానికే 38 అంకెలు కావాలి:

37218383881977644441306597687849648128.

"సెకనుకో సున్నా రాసినా విశ్వం వయసు చాలదు" అన్నాను.

"మరి రాయనేలేనిదాన్ని ఎలా భాగిస్తావు మామయ్యా?"

మంచి ప్రశ్న. ఇసుకలో కోటి రాశాను. పది అంటే 2×5. కోటిలో ఏడు పదులున్నాయి కాబట్టి ఏడు రెళ్లు, ఏడు అయిదులు. కోటిని భాగించే సంఖ్య ఏదైనా వీటిలోంచే పుట్టాలి. రెళ్లు ఒక్కటీ తీసుకోకపోవచ్చు, ఏడూ తీసుకోవచ్చు, మొత్తం 8 దారులు. అయిదులకూ అంతే. 8×8, కోటికి 64 భాజకాలు. అయుతానికి 15×15, అంటే 225. చివరి సంఖ్యకూ ఇదే పద్ధతి: పైన రాసిన 38 అంకెల సంఖ్యకు ఒకటి కలిపి, దాన్ని దానితోనే గుణించాలి. ఎంత పెరిగినా దాని ప్రధాన కారణాంకాలు 2, 5 మాత్రమే. మూడో ప్రధాన సంఖ్య లోపలికి రావడానికి సందే లేదు.

కోటికి భాజకాలు సరి సంఖ్యలో వచ్చాయి, అయుతానికి బేసి. వాడికి ఇది నచ్చలేదు. భాజకాలు జంటలుగా వస్తాయి కదా, రెండూ ఆరూ పన్నెండైనట్టు. కానీ అయుతం కోటికి వర్గం, కోటికి జత కోటే. ఆ ఒంటరి వల్లే బేసి. కోటికి ఆ ఇబ్బంది లేదు, దాని వర్గమూలం పూర్ణసంఖ్య కాదు.

"ఒకటి కలిపితే?"

ఇక్కడే నాకు సరదా. ఒక్కటి కలపగానే రెళ్లూ అయిదులూ మొత్తం మాయం. కోటీ ఒకటి అంటే 11×909091. అయుతమూ ఒకటి అంటే 29×101×281×121499449. 29, 281 ఎక్కడి నుంచి వచ్చాయో చూపుకు అందదు గానీ, 11, 101 ఊరికే రాలేదు. కోటి పదికి ఏడో ఘాతం, అయుతం నూరుకు ఏడో ఘాతం. ఏడు బేసి కాబట్టి, ఏ సంఖ్య ఏడో ఘాతానికైనా ఒకటి కలిపితే, ఆ సంఖ్యకు ఒకటి కలిపినది దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. నియుతానికి ఒకటి కలిపితే 10001 భాగిస్తుంది. ఈ వరసలో అన్నీ ఏడో ఘాతాలే. కాబట్టి చివరిదానికి ఒకటి కలిపినా అది ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్యే.

వాడు మాత్రం ఏడు దగ్గరే ఆగాడు. "ఇవాళ ఆదివారం. అన్ని రోజులు గడిచాక ఏ వారం?"

శేషాలు చాలు. కోటిని ఏడుతో భాగిస్తే శేషం 3. దాని వర్గం 9, ఏడు తీసేస్తే అయుతానికి 2. నియుతానికి 4. బింబరానికి 16 నుంచి మళ్లీ 2. అక్కడి నుంచి 4, 2, 4, 2 అని ఊగుతూనే ఉంటుంది. 122 సరి సంఖ్య, కాబట్టి 4. వాడు ఆదివారం నుంచి వేళ్లు మడిచాడు: సోమ, మంగళ, బుధ, గురు.