తొలిసారి మ్యూచువల్ ఫండ్లలో మదుపు చేయువారికి తెలియవలసిన విషయములు

ధాన్యము అమ్మిన పైకము బ్యాంకు ఖాతాలో జమయైన వారము తిరుగకుండ గ్రామమున ఎవరో ఒకరు సెల్ ఫోను చేతబట్టుకొని పంచాయతీ సభ్యుని యింటికి వచ్చుట నేడు సర్వసాధారణమైనది. "మెంబరుగారూ, ఈ యాప్‌లో డబ్బు పెడితే బాగా పెరుగుతుందంటున్నారు. పెట్టమంటారా?" అని అడుగుదురు. పూర్వమీ ప్రశ్న చీటీలను గూర్చి వచ్చెడిది. చీటీ నడుపువాడు ఊరివాడు గనుక అతని మంచిచెడ్డలు సభ్యునకు తెలిసియుండెడివి. యాప్ నడుపువాని ముఖము ఎవరును చూచియుండరు. కావున "పెట్టుము" అనియో "వలదు" అనియో ఒక్కమాటలో చెప్పుటకంటె, దేనిని పరీక్షించి చూడవలయునో తెలుపుట క్షేమకరము. ఇచట చెప్పబోవునది వ్యక్తుల సొంత పొదుపును గూర్చియే గాని పంచాయతీ నిధులను గూర్చి కాదు.

మొదట అడుగవలసిన ప్రశ్న ఫండును గూర్చినది కానే కాదు. "నీకు అప్పు ఉన్నదా?" అని అడుగవలెను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవాడు ఏటికి 24 రూపాయలు కట్టుచున్నాడు. అంత లాభమును ఏటేట తప్పక ఇచ్చు ఫండు దేశమున ఏదియు లేదు. అట్టివాడు అప్పు తీర్చుటయే ఉత్తమమైన మదుపు. తరువాత ఆరునెలల ఇంటిఖర్చునకు సరిపడు సొమ్ము బ్యాంకులోగాని తపాలా కార్యాలయమునగాని ఉంచుకొనవలెను. అటుపిమ్మట మిగిలిన దానిని గూర్చియే ఈ వ్యాసము.

మ్యూచువల్ ఫండనగా పలువురి సొమ్మును ఒకచోట చేర్చి, కంపెనీల వాటాలనో, ప్రభుత్వ ఋణపత్రములనో కొనియుంచు ఏర్పాటు. సొమ్ము పెట్టినవారికి యూనిట్లు లభించును. యూనిట్టు విలువను పనిదినములలో ప్రతిదినము ప్రకటింతురు. 50 రూపాయల విలువగల యూనిట్లను 5,000 రూపాయలకు కొన్నచో, స్టాంపు సుంకము వంటి స్వల్పములను విడిచిన, 100 యూనిట్లు వచ్చును. విలువ 60కి పెరిగిన ఆ సొమ్ము 6,000 అగును. 40కి తగ్గిన 4,000 అగును. ఇందు వడ్డీ యనునది లేదు, ఇంత ఇత్తుమను హామీయు లేదు. హామీ ఇచ్చువాడు కనబడినచో అది మ్యూచువల్ ఫండు కాదని తెలిసికొనవచ్చును.

పెద్ద పేరు సైతము హామీ కాదు. పార్లమెంటు 1963లో చేసిన చట్టముచే ఏర్పడిన యూనిట్ ట్రస్టు 1964లో ప్రారంభించిన తొలి పథకమును ప్రజలు ప్రభుత్వ డిపాజిట్టువలెనే భావించిరి. 2001 జూలైలో ఆ పథకపు అమ్మకములను, తిరిగి కొనుటను నిలిపివేసినప్పుడు దానినే నమ్ముకొన్న అనేకులు కలవరపడిరి. నేడు ఫండ్లపై అజమాయిషీ చేయు సెబీ సంస్థకు 1992లో చట్టబద్ధమైన అధికారములు లభించినవి. సెబీ నియమములను పెట్టి అమలుపరచును గాని, మన నష్టమును భరింపదు.

ఇక యాప్ సంగతి. యాప్‌గాని, బ్యాంకుగాని, ఊరికి వచ్చు ఏజెంటుగాని సొమ్ము పోవు త్రోవయే తప్ప సొమ్ముండు చోటు కాదు. ఈ భేదమును గ్రహించినవారు సగము మోసములనుండి తప్పించుకొందురు. సక్రమమైన పద్ధతిలో యూనిట్లు కొన్నవాని పేరిట ఫండు పుస్తకములలో ఫోలియో సంఖ్యతో నమోదగును. దేశములోని ఫండ్లలో అధికభాగపు లెక్కలను హైదరాబాదులోని కేఫిన్‌టెక్, చెన్నైలోని క్యామ్స్ అను రెండు సంస్థలు వ్రాయుచున్నవి. రేపు యాప్ మూతపడినను ఆ యూనిట్లు ఎచటికిని పోవు. ఫండు కార్యాలయమునుండియే వాటిని అమ్ముకొనవచ్చును. ఈ రెండు సంస్థలు కలిసి 2021లో ఎంఎఫ్ సెంట్రల్ అను ఉమ్మడి సదుపాయమును కూడ ప్రారంభించినవి. కావున యాప్ తెరపై కనబడు అంకెలను నమ్మి ఊరకుండరాదు. మొదటిసారి కొద్ది మొత్తము కట్టి, ఫండునుండి ఫోలియో సంఖ్యతో కూడిన లెక్క తన ఫోనుకు వచ్చినదో లేదో చూచుకొని, వచ్చిన తరువాతనే పెద్ద మొత్తము కట్టవలెను.

సొమ్ము ఎవరి ఖాతాకు పోవుచున్నదో చూచుట దీనికి ముందు మెట్టు. మదుపుదారుల సొమ్మును మధ్యవర్తులు తమ ఖాతాలలో చేర్చుకొనుటను సెబీ 2022లో మాన్పించినది. అది నేరుగా ఫండు ఖాతాకో, స్టాకు ఎక్స్ఛేంజి క్లియరింగు సంస్థకో చేరవలెను. చెల్లింపు వేళ ఫోను తెరపై ఒక వ్యక్తి పేరుగాని, ఊరుపేరు తెలియని వ్యాపార సంస్థ పేరుగాని కనబడినచో అచటనే ఆగవలెను. ఏజెంటుకు యాంఫీ సంఘము ఇచ్చిన ఏఆర్ఎన్ నమోదు సంఖ్య ఉండితీరవలెను. యాప్ సంస్థ పేరును సెబీ జాబితాలోగాని యాంఫీ జాబితాలోగాని వెదకి చూడవచ్చును. గ్రామమున చదువుకొన్న యువకులు ఈ పనిని పది నిమిషములలో చేసి పెట్టగలరు.

నమోదు చూడకపోవుటవలన మన జిల్లాలు ఎంత నష్టపోయినవో సభ్యులకు విదితమే. అగ్రిగోల్డ్ సంస్థ చెల్లింపులు నిలిచిపోయినప్పుడు లక్షలాది కుటుంబములు చిక్కుకొనినవి. దానికి సొమ్ము కట్టించినవారిలో అనేకులు అదే ఊరివారు, బంధువులు. తుదకు వారును నష్టపోయిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో 10,000 రూపాయల లోపు, 2021లో 20,000 రూపాయల లోపు డిపాజిట్టుదారులకు సొమ్ము చెల్లించినది. నేటి మోసము ఫోనులో నడచుచున్నది. ఎవరో వాట్సాప్ బృందములో చేర్తురు. పేరుగల సంస్థను పోలిన యాప్ నిత్తురు. తెరపై లాభము దినదినము పెరుగును. తీసికొనబోయిన "ముందు పన్ను కట్టవలెను" అందురు. ఫండు సొమ్ము తీసికొనుటకు ఎన్నడును ముందుగా పన్ను కట్టనక్కరలేదు. ఇట్లు మోసపోయినవారు సిగ్గుపడి దాచక తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. గంటలు గడచిన కొలది సొమ్ము ఖాతాలు మారిపోవును.

యాప్‌ద్వారా కొనుటకు, ఏజెంటుద్వారా కొనుటకు గల ఖర్చు భేదమును కూడ తెలిసికొనదగును. 2013 జనవరి 1 నుండి ప్రతి ఫండులోను కమీషను లేని "డైరెక్టు" పద్ధతి, కమీషనుతో కూడిన "రెగ్యులర్" పద్ధతి అని రెండున్నవి. కమీషను మన చేతినుండి విడిగా తీసికొనరు గాన కంటికి కనబడదు. లక్ష రూపాయలు ఏటికి నూటికి 10 చొప్పున పెరిగిన 20 ఏండ్లకు సుమారు 6,72,000 అగును. ఒక్క రూపాయి ఖర్చు పెరిగి 9 చొప్పున పెరిగిన 5,60,000 మాత్రమే అగును. అయినను డైరెక్టు పద్ధతియే అందరికిని మేలని చెప్పజాలము. ఖర్చు తగ్గునని ఫోను పరుల చేతికిచ్చి, రహస్య సంఖ్య చెప్పి కొనిపించుకొనువానికంటె, నమోదైన ఏజెంటుకు కమీషనిచ్చి కొనువాడు తెలివైనవాడు.

ఫండు ఎన్నికలో గతవత్సరపు లాభమును చూచి మోసపోవువారే ఎక్కువ. చూడవలసినది సొమ్ము ఎప్పుడు కావలయునన్నదే. రెండేండ్లలో పిల్ల పెండ్లికి కావలసిన సొమ్మును కంపెనీ వాటాల ఫండులో పెట్టరాదు. దేశములోని 50 పెద్ద కంపెనీల సూచిక యగు నిఫ్టీ 2008 జనవరిలో 6,287 వద్ద నుండి అదే అక్టోబరుకు 2,524కు పడినది. 2010 నవంబరులో పూర్వపు ఎత్తును తాకి మరల తగ్గి, దానిపై నిలుచుటకు 2014 వరకు పట్టినది. 2020లోనో, జనవరిలో 12,362 ఉన్నది మార్చి 23 నాటికి 7,610కి దిగి, నవంబరు నాటికే కోలుకొన్నది. ఏ పతనము ఎన్నాళ్లుండునో ముందుగా చెప్పగలవారు లేరు. ఏడెనిమిదేండ్లు ముట్టుకొనక ఉంచగలిగిన సొమ్మునకే ఈ ఫండ్లు తగును. అట్టివానికి తొలి ఫండుగా, ఆ 50 కంపెనీలను అదే నిష్పత్తిలో కొనియుంచు ఇండెక్సు ఫండు మా అభిప్రాయమున సరిపోవును. దాని ఖర్చు తక్కువ. ఒక మేనేజరు తెలివితేటలపై ఆధారపడదు. అదియు అపాయము లేనిది కాదు. ప్రతి ఫండు పత్రముపైన అపాయమును ఆరు మెట్లలో చూపు బొమ్మ ఉండును. ఇండెక్సు ఫండుకు సైతము ముల్లు కట్టకడపటి మెట్టునే చూపును.

"క్రొత్త ఫండు, యూనిట్టు పది రూపాయలే, చవుక" అను మాట తరచు వినబడును. ఇది పొరపాటు. 10,000 రూపాయలతో పది రూపాయల యూనిట్లు 1,000 కొన్నను, 500 రూపాయల యూనిట్లు 20 కొన్నను, నూటికి పది పెరిగినచో రెండును 11,000 అగును.

నెలనెల కట్టు సిప్ పద్ధతి జీతగాండ్రకు అనువైనది. పంట చేతికి వచ్చినప్పుడే డబ్బు చూచు రైతు నెలకు 500 కట్టుటకు ఒప్పుకొని, ఖాతాలో నిలువ లేనందున బ్యాంకుకు జరిమానా చెల్లించుట తరచు జరుగుచున్నది. అట్టివారు పంట అమ్మినప్పుడు వీలైనంత కట్టుటయే నయము.

కావలసిన పత్రములు పాన్ కార్డు, ఆధారు, బ్యాంకు పాసు పుస్తకము. వీనిలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగాను, మరియొకచోట పొడి అక్షరముగాను ఉన్నచో దరఖాస్తు నిలిచిపోవును, ముందే సరిచేయించుకొనవలెను. నామినీ పేరు తప్పక వ్రాయించి, ఫోలియో సంఖ్యను ఇంటిలో భార్యకుగాని పెద్దబిడ్డకుగాని తెలుపవలెను. ఫిర్యాదు ఉన్నచో మొదట ఫండు కార్యాలయమునకు వ్రాసి, జవాబు సంతృప్తికరముగా లేనిచో సెబీవారి స్కోర్స్ వేదికలో నమోదు చేయవచ్చును. వివరములకు సెబీ ఉచిత టెలిఫోను సంఖ్య 1800 22 7575.