పటం ఉంది, కథ చెప్పే మనిషేడీ?

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు చేరతారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, ఫోన్లు పైకెత్తి పట్టుకుని, చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లేదాకా కదలరు. అక్కడి నుంచి ముసుగు రెబెకా దగ్గరికి నడుస్తారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నాడు. దాని ముందు నిలబడ్డవాళ్లు, చదువుకున్నా చదువుకోకపోయినా, దాదాపు ఒకటే ప్రశ్న వేసుకుంటారు: రాతిలో అంత పల్చటి ముసుగు ఎట్లా చెక్కాడు? మన జనానికి కళ పట్టదనేవాళ్లు ఈ గుంపును ఒకసారి చూడాలి. అదే నగరంలో మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకో, బంజారాహిల్స్‌లో 2002 నుంచి నడుస్తున్న కళాకృతికో, జూబ్లీహిల్స్‌లోని సృష్టికో ఒక మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే గదుల్లో పెద్దగా మనుషులు కనిపించరు. మ్యూజియానికి టికెట్ ఉంది, ఇక్కడ మామూలుగా టికెట్టే లేదు. పైగా రెబెకాను చెక్కిన శిల్పి పోయి నూటయాభై ఏళ్లయింది. ఇక్కడ బొమ్మ గీసిన మనిషి చాలాసార్లు ఇదే ఊళ్లో, ఒక బస్సు దూరంలో ఉంటాడు. ఎట్లా చేశావని అడిగితే చెప్పగలిగినవాడు దొరికే చోటికి మనం వెళ్లడం లేదు.

దీనికి అభిరుచి లేకపోవడం కారణం కాదు. మన దగ్గర బొమ్మ ఎన్నడూ ఒంటరిగా లేదు. గ్యాలరీ దాన్ని ఒంటరిని చేసింది. ఈ మాటకు సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, సిద్దిపేట జిల్లా చేర్యాల దాకా వెళ్తే చాలు. అక్కడి నకాషీలు తరతరాలుగా పటాలు గీస్తున్నారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూతల మీద పూతలు పట్టించి, ఆరిన తరువాత ఉడుత వెంట్రుకల కుంచెతో గీతలు గీస్తారు. వెనక నేలంతా ఎర్రగా ఉంటుంది. పటం వెడల్పు సుమారు మూడడుగులే, పొడవు మాత్రం నలభై అడుగులు దాటొచ్చు. అంత పొడవు గోడకు తగిలించుకోవడానికి కాదు, చుట్ట చుట్టి ఊరూరా మోసుకుపోవడానికి. రాత్రి దీపం వెలుగులో చుట్టను కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో గడిలోని బొమ్మను కర్రతో చూపిస్తూ కథకుడు పాడేవాడు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. పటం పాతబడి చిరిగితే నదిలో కలిపి కొత్తది గీయించుకునేవాళ్లు. అంటే విలువ ఒక్క గుడ్డలోనే లేదు. బొమ్మ, పాట, ఎదురుగా కూర్చున్న ఊరు, మూడూ కలిస్తేనే అది పటం. ఈ రోజు అదే పటంలోంచి ఒక గడిని కత్తిరించినట్టు గీసి ఫ్రేములో బిగిస్తే డ్రాయింగు రూములో అందంగానే ఉంటుంది. కానీ అందులో మిగిలేది మూడింట ఒక వంతే.

ఆధునిక చిత్రకళకు ఈ పోలిక చెల్లదని కొందరంటారు. పటంలో ఉన్నది అందరికీ తెలిసిన పురాణం, కాన్వాసు మీద ఉన్నది ఒక మనిషి సొంత ఊహ కదా అని. నిజమే, రెండూ ఒకటి కావు. కానీ హైదరాబాదు చిత్రకారుల ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఆ దూరం అనుకున్నంత ఉండదు. లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. తోట వైకుంఠం 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఇద్దరూ హైదరాబాదులో చదివి, బరోడా వెళ్లి, కె.జి. సుబ్రమణ్యన్ అనే గొప్ప గురువు దగ్గర నేర్చుకున్నారు. ఊరి బొమ్మలను, ఆట వస్తువులను, చేతిపనులను తక్కువ చేసి చూడని గురువు ఆయన. తమ ఊరివైపు తిరిగి చూసే కన్ను ఇద్దరికీ అక్కడ పదునెక్కింది. లక్ష్మాగౌడ్ మేకలు, చెట్లు, ఆడామగా ఒకరిలో ఒకరు అల్లుకుపోయే నలుపు తెలుపు గీతల్లోకి నిజాంపూర్‌ను తెచ్చారు. సిద్దిపేట వాడైన కాపు రాజయ్య బరోడా దారి పట్టకుండానే నకాషీల రంగులను, బోనాలను, పొలం పనులను తన బొమ్మల్లోకి తెచ్చుకున్నారు. ఈ బొమ్మల్లో ఉన్న ఊరు చూసేవాళ్లకు కొత్తది కాదు. వాళ్లలో చాలామందికి అది అమ్మమ్మ ఊరే. పక్కన నిలబడి ఆ సంబంధం కలిపే మనిషి లేకపోవడమే లోటు.

వైకుంఠం బొమ్మలు అందరికీ తెలిసినవే. నల్లటి నిగనిగలాడే ఒళ్లు, రూపాయంత కుంకుమ బొట్టు, ముక్కుపుడక, ఎర్ర చీర, పసుపు రవిక. క్యాలెండర్ల మీద, హోటళ్ల గోడల మీద, పెళ్లి శుభలేఖల మీద ఆ ముఖాల నకళ్లు ఎన్ని చూశామో లెక్క లేదు. అందుకే అసలు బొమ్మ ఎదురైనా 'తెలంగాణ స్త్రీ' అని ఒక పేరు పెట్టేసి ముందుకు నడుస్తాం. చిన్నప్పుడు ఊరికి వచ్చే నాటకాల వాళ్లలో ఆడవేషం కట్టే మగవాళ్లను చూసి ముగ్ధుణ్ణయ్యానని ఆ చిత్రకారుడే చెప్పుకున్నారు. ఈ ఒక్క సంగతి తెలిశాక మళ్లీ చూడండి. దిద్దినట్టున్న ఆ కనుబొమలు, ముఖానికి కొంచెం పెద్దదనిపించే ఆ బొట్టు, వేదిక మీద నిలబడ్డట్టున్న ఆ నిలకడ, అన్నీ వేరుగా కనిపిస్తాయి. అది ఊరి స్త్రీకి తీసిన ఫోటో కాదు. ఊరు తన స్త్రీని దీపాల వెలుగులో ఎట్లా ఊహించుకుందో ఆ రూపం. ఆయన 'దాసి' సినిమాకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారన్న సంగతి కూడా ఇక్కడ కలుస్తుంది. ఒక కాలపు ఇంటిని, బట్టను, వస్తువును కట్టి చూపించడం ఆయనకు చేతనైన పని. ఇదేదీ కాన్వాసు పక్కన అంటించిన చీటీలో ఉండదు. చీటీలో పేరు, కొలత, 'యాక్రిలిక్ ఆన్ కాన్వాస్' అన్న మాట ఉంటాయి. అవీ ఇంగ్లీషులో.

చిత్రకారుణ్ణి కలిస్తే ఏమడగాలి అన్న బెరుకు చాలామందికి ఉంటుంది. 'దీని అర్థమేమిటి' అని అడగాల్సిన పనిలేదు, ఆ ప్రశ్నకు వాళ్లు కూడా ఇబ్బంది పడతారు. రెబెకా ముందు మనకు నేర్పకుండానే వచ్చిన ప్రశ్న సరిపోతుంది: ఎట్లా చేశారు? ఎచింగ్ అనే ముద్రణ చిత్రాన్నే తీసుకోండి. జింకు పలకను నున్నగా రుద్ది, దాని మీద ఆసిడ్‌కు లొంగని మైనపు పూత వేస్తారు. సూదితో గీస్తే గీసినంత మేర పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. పలకను పల్చటి నైట్రిక్ ఆసిడ్‌లో ముంచితే ఆ గీతలను ఆసిడ్ తినేస్తుంది. రెండు నిమిషాలు ఉంచితే వెంట్రుకంత గీత, ఇంకాసేపు ఉంచితే లోతైన నలుపు. పూత కడిగేసి, గాడుల్లో సిరా నింపి, పైన అంటింది గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి బరువైన ప్రెస్సులోంచి లాగితే గీసిన బొమ్మ కుడి ఎడమలు మారి కాగితం మీదికి వస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే బొమ్మ చుట్టూ పలక అంచు నొక్కిన పల్లం కనిపిస్తుంది. కింద పెన్సిలుతో 7/25 అని రాసి ఉంటే, ఆ పలక నుంచి తీసిన ఇరవై అయిదు ప్రతుల్లో అది ఏడోదని అర్థం. ఇది తెలిసినవాడు లక్ష్మాగౌడ్ ఎచింగ్ ముందు రెండు నిమిషాలతో ఆగడు. ఏ గీత ఆసిడ్‌లో ఎంతసేపు ఉందోనని వెతుక్కుంటాడు. జ్యోతిష్యం చెప్పినట్టుండే కేటలాగు వాక్యాలు చేయలేని పని ఒక పనివాడి మాట చేస్తుంది.

దీనికి బలమైన అభ్యంతరం కళాప్రియుల నుంచే వస్తుంది. బొమ్మ తన గురించి తానే చెప్పుకోవాలి, గీసినవాడు పక్కన నిలబడి వివరిస్తే చూసేవాడి కన్ను కట్టేసినట్టవుతుంది అని. ఇందులో నిజముంది. తన బొమ్మ గురించి చిత్రకారుడు చెప్పేదే ఆఖరి మాట కాదు, కొందరికి తమ పని గురించి చెప్పడం చేతకాదు కూడా. కానీ మన పటం సంప్రదాయంలోనే దీనికి జవాబు ఉంది. పటం గీసేది నకాషీ, కథ చెప్పేది వేరొకడు. గీసినవాడి మాటే వేదమని ఎవరూ అనుకోలేదు. వినేవాళ్లకు కథ ముందే తెలుసు, ఎక్కడ తప్పాడో కూడా తెలుసు. మాట బొమ్మకు తాళం వేయదు, లోపలికి దారి చూపిస్తుంది. కన్ను కట్టేస్తుందన్న భయం ఉన్నవాళ్లు ముందు ఒంటరిగా చూసి, తరువాత అడగొచ్చు. చీటీ కూడా చదవకుండా ఒక చుట్టు తిరిగి, మనల్ని ఆపిన బొమ్మ దగ్గరికి మళ్లీ వచ్చి, అప్పుడు మనిషిని పలకరించడం మంచి పద్ధతి.

ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారం అన్నది రెండో అభ్యంతరం. పేరున్న చిత్రకారుల కాన్వాసులు లక్షల్లో పలుకుతాయి, గ్యాలరీలు ఉన్నవీ ఎక్కువగా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లోనే. గ్యాలరీ నడిచేది అమ్మకం మీద, అందులో కొంత వాటా తీసుకునే అది అద్దె కడుతుంది. ఈ సంగతి దాచాల్సిన పనేమీ లేదు. అయినా చూడటానికి కొనక్కర్లేదు. గుడికి వెళ్లిన ప్రతివాడూ హుండీలో వేయడు కదా. కొనాలనే ఉంటే ఒకే పలక నుంచి తీసిన ముద్రణ చిత్రాలు కాన్వాసు కంటే చవక, విద్యార్థుల పని ఇంకా చవక. మాసబ్‌ట్యాంక్‌లోని జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ. విశ్వవిద్యాలయపు లలితకళల కళాశాల, సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూలు, ఈ రెండు చోట్లా ఏటా చదువు ముగించుకుని బయటికొచ్చే పిల్లల పనిని చూడటం వేరే అనుభవం. వాళ్లకు కొనేవాడి కంటే ముందు అడిగేవాడు కావాలి. అయితే గ్యాలరీల బాధ్యత కూడా ఉంది. నగునూరు నుంచో నందికొట్కూరు నుంచో వచ్చిన మనిషి అద్దాల తలుపు తోసుకుని వచ్చినప్పుడు 'రండి, చూడండి' అన్న మాట తెలుగులో వినిపించాలి. చీటీ మీద నాలుగు తెలుగు వాక్యాలు వేయడానికి ఖర్చేమీ కాదు. రాజ్‌భవన్ పక్కనున్న ఎం.ఎస్. మక్తా బస్తీలో కొన్నేళ్ల కిందట చిత్రకారులు ఇళ్ల గోడలకే బొమ్మలు వేశారు. గోడ మీద గీసేవాడు రోజుల తరబడి వీధిలో నిలబడాలి, అడిగేవాళ్లకు అక్కడ తలుపే ఉండదు. బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదికలో టీ గ్లాసు పట్టుకుని ఎవరినైనా ఏమైనా అడగొచ్చు. అలాంటి చోట్ల సాధ్యమైంది గ్యాలరీలోనూ సాధ్యమే.

ఫోనులోనే అన్ని బొమ్మలూ కనిపిస్తున్నాయి కదా అనేవాళ్లకు రాజమండ్రి గుర్తుచేయాలి. అక్కడి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆయన పేరున అక్కడ గ్యాలరీ ఉంది, బొమ్మలున్నాయి, వాటి ఫోటోలు ఫోనులో దొరుకుతాయి. ఆ రంగు ఎందుకు ఎంచుకున్నావు, ఆ మనిషి ఎవరు అని అడగడానికి మాత్రం ఆయన లేడు. ఆ ప్రశ్నలకు ఇక జవాబు రాదు. కాపు రాజయ్య 2012లో పోయారు, మధిరలో పుట్టి హైదరాబాదును తన ఊరు చేసుకున్న సూర్యప్రకాశ్ 2019లో పోయారు. వాళ్లు బతికున్న రోజుల్లో ఇదే భాషలో వాళ్లను ఎంతమంది అడిగారు?

ఇప్పుడు గీస్తున్నవాళ్లు ఉన్నారు. ఏదైనా ప్రదర్శన గురించి పేపర్లో చూస్తే, ప్రారంభోత్సవపు రద్దీకి కాకుండా మరుసటి వారంలో వెళ్లండి. ముందుగా గ్యాలరీకి ఫోన్ చేసి చిత్రకారుడు ఏ రోజు, ఏ వేళకు అక్కడ ఉంటారో కనుక్కోండి. పిల్లల్ని తీసుకెళ్లండి. వెళ్లాక తెలుగులోనే అడగండి.