ఫోర్ బై ఫోర్ ఉంటే చాలా? మంచు కనుమల ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

డిసెంబరు సెలవులకు హైదరాబాద్ నుంచి మనాలీ వెళ్లేవాళ్ల ప్లాన్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. శుక్రవారం రాత్రి విమానం, చండీగఢ్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు, మర్నాడు సాయంత్రానికి మనాలీ, ఆ మర్నాడు అటల్ టన్నెల్ దాటి సిస్సూ, బుధవారం పొద్దున మళ్లీ ఆఫీసు. ఇందులో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదు. కనుమ దారుల్లో ఇబ్బంది చాలాసార్లు మంచు పడకముందే, ఈ కాగితం మీదే మొదలవుతుంది. ‘రేపు వెళ్దాంలే’ అనుకునే వీలు లేనప్పుడు మనిషి ఈ రోజే ఎలాగైనా వెళ్లొచ్చని చెప్పే మాటలను వెతుక్కుంటాడు. అలాంటి మాటలు వాట్సాప్ గ్రూపుల్లోనూ రీల్స్‌లోనూ బోలెడన్ని దొరుకుతాయి.

‘అటల్ టన్నెల్ వచ్చింది కదా, ఏడాది పొడవునా లేహ్ వెళ్లొచ్చు’

2020 అక్టోబరు 3న ప్రారంభమైన ఈ 9.02 కిలోమీటర్ల సొరంగం, 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పించి, 3,000 మీటర్ల పైచిలుకు ఎత్తులోనే మనల్ని కొండకు అవతల దించుతుంది. ఏటా చలికాలంలో రోడ్డు తెగిపోయి నెలల తరబడి ఒంటరిగా ఉండిపోయే లాహౌల్ లోయ జనానికి అది చిన్న మేలు కాదు. కానీ లాహౌల్ చేరినంత మాత్రాన లేహ్ దగ్గరపడదు. కేలాంగ్, జిస్పా, దార్చా దాటాక బారాలాచా లా వస్తుంది, ఎత్తు 4,900 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ తర్వాత లాచుంగ్ లా, తంగ్లాంగ్ లా ఉన్నాయి, రెండూ 5,000 మీటర్లకు పైనే. వీటి కింద సొరంగాలేమీ లేవు. చలికాలం ముదిరితే ఆ దారి మూతపడుతుంది, ఎండలు వచ్చాక సరిహద్దు రహదారుల సంస్థ బీఆర్ఓ మంచు తవ్వి తెరిచేదాకా అంతే. లేహ్‌కు ఇంకో దారిలో ఉన్న షింకు లా కనుమ కింద 4.1 కిలోమీటర్ల సొరంగానికి 2024 జులైలో తొలి పేలుడు జరిపారు. అది పూర్తయితే కథ మారొచ్చు. ఇప్పటికి మారలేదు.

శ్రీనగర్ వైపు నుంచి వెళ్దామంటే 3,528 మీటర్ల జోజి లా అడ్డొస్తుంది. 2025 జనవరిలో తెరిచిన సోనామార్గ్ సొరంగం, పేరులో ఉన్నట్టే, సోనామార్గ్ దాకా చేరుస్తుంది. జోజి లా దాని తర్వాత. ఆ కనుమ కింద సొరంగం తవ్వుతున్నది మన హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజనీరింగే. పని ఇంకా సాగుతోంది.

ఇంకో పొరపాటు కూడా ఉంది. సొరంగం లోపల మంచు పడదు, నిజమే. కానీ మనాలీ నుంచి దాని దక్షిణ ద్వారానికి పాతిక కిలోమీటర్ల కొండ రోడ్డు ఉంది. సోలంగ్ దాటాక ఆ రోడ్డు మీద మంచు కురుస్తుంది, కురిసింది గడ్డకడుతుంది. 2024 క్రిస్మస్‌కు ఒకటి రెండు రోజుల ముందు దాదాపు వెయ్యి వాహనాలు చిక్కుకుపోయింది సరిగ్గా సోలంగ్‌కూ టన్నెల్‌కూ మధ్యనే. జారిపోతున్న బండ్లలోంచి డ్రైవర్లు దూకేసిన వీడియోలు అప్పుడు దేశమంతా చూసింది.

‘ఫోర్ బై ఫోర్ తీసుకుంటే భయం లేదు’

అన్ని అపోహల్లోకి ఇదే ప్రమాదకరమని నా అభిప్రాయం. ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందితే బండి మంచులో కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు కలిగిన ధైర్యంతోనే డ్రైవర్ దిగడం మొదలుపెడతాడు. దిగేటప్పుడు బండిని ఆపాల్సింది బ్రేకులు, బ్రేకులు పనిచేయాల్సింది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు మీద. మామూలు కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి ఆగే విషయంలో ఫోర్ బై ఫోర్‌కు అదనంగా వచ్చే లాభమేమీ లేదు. పైగా బరువు ఎక్కువ.

లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి పొడి తారు రోడ్డు మీద బ్రేకు పడ్డాక సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. అణిగిపోయిన మంచు మీద అదే వేగానికి 25 మీటర్లు కావాలి. నున్నటి ఐసు మీద 60 దాటుతుంది. ఇది చదునైన రోడ్డుకు, అదీ డ్రైవర్ తేరుకుని కాలు వేయడానికి పట్టే సమయం కలపకుండా. వాలు మీద ఇంకా పెరుగుతుంది. కొన్ని వాలుల మీద బండి అసలు ఆగదు, కింద ఏదో ఒకటి తగిలేదాకా పోతూనే ఉంటుంది.

అందుకే ఆ దారుల్లో పుట్టి పెరిగిన డ్రైవర్లు దిగుడు మొదలవకముందే మొదటి గేరుకో రెండో గేరుకో మార్చి, ఇంజన్‌తోనే వేగాన్ని అదుపులో ఉంచుతారు. బ్రేకు మీద కాలు పెట్టినా పెట్టనట్టే ఉంటుంది. ముందు బండి మలుపు తిరిగి కనుమరుగయ్యాక గానీ తమ బండి కదిలించరు. స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ మూడూ మెల్లగా, ఒకసారి ఒకటే. ఏబీఎస్ ఉన్న కారులో పెడల్ కాలి కింద దడదడలాడితే కంగారుపడి వదిలేయకూడదు, అది దాని పని చేస్తోందని అర్థం.

పోలీసులు మనాలీ పైన ఆపి ఫోర్ బై ఫోర్లను మాత్రమే వదులుతున్నారంటే, వాటికి ప్రమాదం లేదని కాదు. మిగతావి ఎక్కలేక అడ్డంగా నిలబడి రోడ్డంతా మూసేస్తాయని.

‘చెయిన్లు కట్టించుకుంటే సరిపోతుంది’

సరిగ్గా కడితే చెయిన్లకు మించింది లేదు, మన దగ్గర అద్దెకిచ్చే కార్లకు చలికాలపు టైర్లు ఉండవు కాబట్టి మరీనూ. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే చలి పెరిగేకొద్దీ గట్టిపడి పట్టు తగ్గుతుంది. కానీ చెయిన్లు ఇంజన్ తిప్పే చక్రాలకు కట్టాలి. మన హ్యాచ్‌బ్యాక్‌లు, చిన్న ఎస్‌యూవీలలో చాలావాటికి అవి ముందు చక్రాలు. తెలియక వెనక చక్రాలకు కట్టించుకుంటే స్టీరింగూ లాగుడూ రెండూ ఉన్న ముందు చక్రాలు జారుతూనే ఉంటాయి. కట్టాక కొంచెం దూరం వెళ్లి ఆపి మళ్లీ బిగించాలి, వేగం 40 దాటకూడదు, తారు తేలిన చోట విప్పేయాలి. విప్పడానికి బద్ధకించిన వాళ్ల టైర్లూ చెయిన్లూ రెండూ పాడవుతాయి. ఇంటి దగ్గర పార్కింగులో ఒక్కసారి కట్టి విప్పి చూడనివాళ్లు, వేళ్లు కొంకర్లు పోయే చలిలో చీకట్లో మంచులో మోకాళ్ల మీద కూర్చుని ఆ పని నేర్చుకోవాల్సి వస్తుంది.

టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న సలహా ఇసుకకు సంబంధించినది. చలికి గాలి దానంతటదే తగ్గుతుంది, 10 డిగ్రీలకు దాదాపు 2 పీఎస్ఐ లెక్కన. చండీగఢ్‌లో నింపిన టైరు సున్నాకు దిగువన ఉన్న ఊళ్లో పొద్దున్నే కొలిస్తే నాలుగైదు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. మనం ఇంకా తీయక్కర్లేదు, నింపుకోవాలి.

‘తెల్లవారకముందే బయలుదేరితే హాయి’

మన వేసవి ప్రయాణాల అలవాటు ఇది. ఎండ ముదరకముందే సగం దూరం లాగించేయాలన్న తొందర. మంచు దారుల్లో ఇది తిరగబడుతుంది. మధ్యాహ్నం ఎండకు కరిగిన నీళ్లు రోడ్డు మీదికి పారి, సూర్యుడు శిఖరం వెనక్కి వెళ్లగానే గడ్డకడతాయి. రాత్రంతా గట్టిపడతాయి. పల్చటి పొరగా, కింది తారు రంగే కనిపించే ఆ ఐసును డ్రైవర్లు బ్లాక్ ఐస్ అంటారు. తడి రోడ్డనుకుని దాని మీదికి పోతాం. వంతెనల మీద, ఎండ తగలని మలుపుల్లో, వాగు రోడ్డును దాటే చోట, సొరంగాల ముందు ఇది ఎక్కువ. తెల్లవారుజాము దానికి మంచి వేళ. కాబట్టి ఎండ రోడ్డు మీద పడ్డాకే, తొమ్మిదిన్నర పది మధ్య బయలుదేరి, మూడు గంటలకల్లా కిందికి వచ్చేయాలి. కురుస్తున్న మంచు కంటికి కనిపిస్తుంది, భయపెడుతుంది, వేగం తగ్గిస్తాం. ఆకాశం నిర్మలంగా ఉన్న పొద్దుట ఈ ఐసు మీదే ఎక్కువ మంది మోసపోతారు.

‘డిసెంబరు 31కి మనాలీలో మంచు గ్యారంటీ’

హోటళ్ల ప్రకటనల్లో గ్యారంటీ. పశ్చిమ హిమాలయాల్లో చలికాలపు మంచు మధ్యధరా వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌ల వల్ల కురుస్తుంది. అవి క్యాలెండర్ చూసుకుని రావు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ నేల మంచు లేక బోసిగా ఉన్న ఫొటోలు గుర్తుండే ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే సాధారణంగా మంచు ఎక్కువ. ఒక్కటి మాత్రం మనకు అనుకూలం. ఈ డిస్టర్బెన్స్ వస్తోందని వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెప్పగలదు, జిల్లాల వారీగా ఎల్లో, ఆరెంజ్, రెడ్ హెచ్చరికలిస్తుంది. తుపాన్ల పుణ్యమా అని ఆ రంగుల భాష కోస్తావాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. బంగాళాఖాతంలో ఆరెంజ్ అంటే వల తీసి ఒడ్డుకొచ్చే మనం కులూ జిల్లాకు ఆరెంజ్ అంటే ‘అబ్బ, మంచు పడుతుందట’ అని బయలుదేరతాం.

‘మ్యాపులో దారి చూపిస్తోందంటే తెరిచే ఉన్నట్టు’

కొండ మూలలో పొద్దున మూసిన రోడ్డు సంగతి ఫోనుకు ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు. లాహౌల్–స్పితి పోలీసులు ఏ రోడ్డు ఏ బండ్లకు తెరిచి ఉందో సోషల్ మీడియాలో పెడుతుంటారు, బయలుదేరే ముందు చూడాల్సింది అది. కశ్మీర్, లద్దాఖ్ వైపు వెళ్లేవాళ్లకు ఇంకో మాట: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

‘కారు కండిషన్‌లోనే ఉంది, సర్వీసు చేయించాం’

హైదరాబాద్‌లో కండిషన్ వేరు. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోసిన బండి మైనస్ పదిలో రాత్రంతా నిలబడితే ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బి ఇంజన్‌కే ఎసరు. వైపర్ నీళ్ల సంగతీ అంతే. మైదానంలో నింపిన డీజిల్ గట్టి చలిలో మైనంలా పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది, లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల వరకూ పారే డీజిల్ ప్రత్యేకంగా తెచ్చింది ఇందుకే. కింది ఊళ్లలో ట్యాంకు నిండా కొట్టించుకుని పోవడం కన్నా పైన దొరికే చోట నింపుకోవడం మేలు, సగానికి తగ్గనివ్వకుండా. రాత్రి హ్యాండ్‌బ్రేకు వేసి పడుకుంటే పొద్దునకు అది పట్టేసుకుని ఉంటుంది. గేరులో పెట్టి చక్రాల కింద రాళ్లు పెడతారు అక్కడ. అద్దం మీద మంచు కరగాలని వేడినీళ్లు పోస్తే అద్దమే పగులుతుంది.

‘చిక్కుకుపోయినా హీటర్ వేసుకుని కూర్చోవచ్చు’

2022 జనవరి 7 రాత్రి పాకిస్తాన్‌లోని మర్రీ అనే కొండ ఊరికి మంచు చూడటానికి వచ్చిన వేలాది కార్లు రోడ్డు మీదే నిలిచిపోయాయి. తెల్లారేసరికి ఇరవై మందికి పైగా తమ కార్లలోనే చనిపోయి ఉన్నారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కారణంగా చలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ పేరూ వినిపించింది. బండి చుట్టూ మంచు పేరుకుంటే సైలెన్సర్ గొట్టం మూసుకుపోతుంది, పొగ కిందినుంచి లోపలికి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్టుండటం దీని లక్షణాలు. 3,000 మీటర్ల ఎత్తులో ఇవే లక్షణాలు ఎత్తు పడకపోయినా వస్తాయి, అందుకే ‘హైట్‌కి తల నొప్పి, కాసేపు పడుకుంటే పోతుంది’ అని కళ్లు మూసుకునే ప్రమాదం ఉంది.

చిక్కుకున్నప్పుడు చేయాల్సింది: ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తవ్వి తీయాలి, మళ్లీ మళ్లీ తీస్తూ ఉండాలి. ఇంజన్ గంటకు ఓ పది నిమిషాలు నడిపి ఆపేయాలి, ఆ సేపు గాలి వీచని వైపు అద్దం కాస్త దించి ఉంచాలి. అందరూ ఒకేసారి నిద్రపోకూడదు. బండి వదిలి మంచులో నడిచి వెళ్లకూడదు, ఊరు కళ్లెదుట కనిపిస్తుంటే తప్ప. డిక్కీలో చిన్న పార, దుప్పట్లు, టార్చి, పవర్ బ్యాంకు, ఒక రోజుకు సరిపడా తిండీ నీళ్లూ ఉంటే ఇదంతా సాధ్యం. ఈ సామానుకు చోటు లేదనుకుంటే ట్రాలీ బ్యాగుల్లో ఒకటి హోటల్లో వదిలేయొచ్చు.

మందు తాగితే వేడి పుడుతుందన్నది ఈ పూటకే మరీ పనికిరాని నమ్మకం. చర్మంలోని రక్తనాళాలు విప్పారి వెచ్చగా అనిపిస్తుంది, ఆ దారినే లోపలి వేడి బయటికి పోతుంది.

‘లోకల్ డ్రైవర్లు డబ్బు కోసం భయపెడతారు’

భయపెట్టేవాళ్లు లేరని కాదు. చెయిన్లకూ లాంగ్ కోట్లకూ చెప్పే రేట్లు వింటే అనుమానం రాకమానదు. కానీ వెళ్తే కిరాయి వచ్చే మనిషే రానని తల అడ్డంగా ఊపుతుంటే అతనికి అందులో దక్కే లాభమేమిటో ఒక్క క్షణం ఆలోచించాలి.

‘ఏమైనా అయితే ఆర్మీ ఉందిగా’

సిక్కిం వెళ్లొచ్చినవాళ్ల నోట ఇది తరచూ వింటాం. 2018 డిసెంబరు 28న నాథూ లా దారిలో మంచు ముంచెత్తి వందల బండ్లు ఆగిపోతే సైన్యం రెండున్నర వేల మందికి పైగా యాత్రికులను తమ బ్యారక్‌లకు చేర్చి తిండీ పక్కలూ ఇచ్చిన మాట వాస్తవం. ఆ రోడ్డు పక్కనే శిబిరాలుండబట్టి అది కుదిరింది. ఇరుక్కుపోయిన బండిలోంచి మనిషిని తీయడం సాధ్యమే, కొండ మీది నుంచి మంచుచరియ విరిగిపడితే మాత్రం చేతిలో ఉండేది నిమిషాలు. చరియలు పడే చోట్ల ‘ఆగవద్దు’ అని బోర్డులుంటాయి, సెల్ఫీకి వెనకాల తెల్లటి గోడ బాగుందని మనవాళ్లు ఆగేదీ అక్కడే. 2023 ఏప్రిల్ 4న, చలికాలం అయిపోయిందనుకున్న వేళ, అదే నాథూ లా దారిలో 15వ మైలు దగ్గర చరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. తాము అనుమతి ఇచ్చింది 13వ మైలు వరకేనని అధికారులు ఆ తర్వాత చెప్పారు.